పాత బండికి కొత్త రంగు: స్ప్రే డబ్బాకెంత, షెడ్డుకెంత, రేడియం షాపుకెంత

శ్రీకాకుళం, విజయనగరం వైపు సెకండ్ హ్యాండ్ బైకు కొని రంగు మార్చుకోవాలనుకునేవాళ్ళకి మూడు దారులున్నాయి. హార్డ్‌వేర్ షాపులో దొరికే స్ప్రే డబ్బా ఒకటి, టింకరింగ్ షెడ్డులో స్ప్రే గన్నుతో చేసే పని రెండోది, రేడియం షాపులో స్టిక్కరింగో ర్యాపింగో (మొత్తం రంగు షీటు చుట్టడం) మూడోది. ఒక్కోదాన్ని విడిగా మెచ్చుకునేవాళ్ళు చాలామంది ఉన్నారు గానీ, చేతిలో ఉన్నది తక్కువ డబ్బయినప్పుడు మూడింటినీ పంచుకుని వాడుకోవడమే తెలివి. ట్యాంకు, దానితో రంగు కలవాల్సిన సైడ్ ప్యానెళ్ళు, టెయిల్ ప్యానెల్, ముందు మడ్‌గార్డు మాత్రం షెడ్డుకివ్వండి. వాటి మీద టూకే క్లియర్ (హార్డెనర్ అనే గట్టిపరిచే మందు కలిపి రంగు మీద వేసే పారదర్శక పొర) కొట్టించండి. నల్లగా ఉండే సామానంతా స్ప్రే డబ్బాతో మీరే కొట్టుకోండి. రేడియం షాపు పని గీతలకీ బొమ్మలకీ చాలు. డబ్బంతా డబ్బాల మీద పెట్టినా, ర్యాపింగ్ మీద పెట్టినా పాడయ్యేది ముందుగా ట్యాంకే.

ఎందుకో చూడండి. మామూలు స్ప్రే డబ్బాలో ఉండేది వన్‌కే రంగు. అందులోని థిన్నర్ గాలికి ఎగిరిపోతే ఆరుతుంది, అంతే. లోపల గట్టిపడే రసాయన చర్య ఏమీ జరగదు. అందుకే మళ్ళీ థిన్నర్ తగిలితే మెత్తబడుతుంది, పెట్రోలు తగిలినా మెత్తబడుతుంది. బంకులో గన్ను తీసేటప్పుడు రెండు చుక్కలు మూత పక్కన పడకుండా ఏ బండీ ఉండదు. పైగా ఇప్పుడు పెట్రోల్లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. మూత చుట్టూ రంగు మొదట మెరుపు పోయి, తర్వాత ముడతలు పడి, గోటితో గీస్తే లేచొచ్చేస్తుంది. పైన అదే కంపెనీ వన్‌కే క్లియర్ డబ్బా కొట్టినా ఫలితం అదే. పెట్రోలు తట్టుకునేది హార్డెనర్ కలిపిన టూకే మాత్రమే.

అలాగని డబ్బాని తక్కువ చేయకూడదు. గ్రాబ్ రైలు, చైన్ కవరు, సైడ్ స్టాండు, ఫుట్‌రెస్ట్ బ్రాకెట్లు, హెడ్‌లైట్ బ్రాకెట్, వెనక మడ్‌గార్డు, అల్లాయ్ చక్రాలు, వీటికి డబ్బాని మించిన బేరం లేదు. అల్లాయ్‌లకి డిస్కునీ, వాల్వునీ, టైరు అంచునీ టేపుతో మూసి కొట్టాలి. డిస్కు మీద రంగు పొగ పడితే థిన్నర్‌తో తుడిచి, బ్రేకు పట్టుతోందో లేదో చూసుకున్నాకే రోడ్డెక్కాలి. సైలెన్సర్‌కి మాత్రం హై టెంపరేచర్ అని రాసున్న డబ్బానే కొనాలి. అది బండి స్టార్ట్ చేసి వేడి చేస్తేగానీ గట్టిపడదు. పది నిమిషాలు నడిపి చల్లారనిచ్చి, మళ్ళీ ఇరవై నిమిషాలు నడిపి చల్లారనివ్వాలి. ఇంజిన్ ఫిన్నుల మీద మందంగా రంగు వేయకండి, వేడి బయటికి పోవడానికే అవి ఉన్నాయి.

డబ్బా కొట్టే పద్ధతి గురించి నాలుగు మాటలు. లోపల గోళీ మోగడం మొదలయ్యాక రెండు నిమిషాలు ఊపాలి. 20 నుంచి 25 సెంటీమీటర్ల దూరం. నొక్కడం సామాను బయటే మొదలుపెట్టి బయటే ఆపాలి, ఒక వరస మీద రెండోది సగం ఎక్కాలి. మొదటి కోటు కింద రంగు కనిపించేంత పలచగా ఉండాలి. పది నిమిషాలకొకటి చొప్పున మూడు నాలుగు పలచటి కోట్లు వేస్తే కారదు. డబ్బా అడుగుకొచ్చాక ప్రెజరు తగ్గి చుక్కలు చుక్కలుగా చిమ్ముతుంది. ఆ చివరి భాగం కనపడని చోటికి వాడండి. 400 మిల్లీలీటర్ల డబ్బాలు నలుపు రెండు, ప్రైమర్ ఒకటి ఉంటే 150 సీసీ బండి మీద చక్రాలు, సైలెన్సర్ తప్ప పైన చెప్పిన సామానంతా అయిపోతుంది. చక్రాలకి ఇంకొకటి వేసుకోండి.

టూకే క్లియర్ డబ్బాల్లో కూడా దొరుకుతోంది. అడుగున పిన్ను నొక్కితే లోపలున్న హార్డెనర్ కలుస్తుంది. మామూలు డబ్బా కంటే రేటు బాగా ఎక్కువ, కలిపాక ఒకటి రెండు రోజుల్లో డబ్బాలోనే గట్టిపడిపోతుంది. కాబట్టి సామానంతా సిద్ధంగా పెట్టుకున్నాకే పిన్ను నొక్కాలి. దగ్గర్లో మంచి షెడ్డు లేని ఊళ్ళవాళ్ళకి ఇది నమ్మదగ్గ సరుకే. కానీ టూకే హార్డెనర్‌లో ఐసోసయనేట్లనే రసాయనాలుంటాయి. ఆ పొగమంచు ఊపిరితిత్తులకి చాలా చెడ్డది. దుమ్ముకి కట్టుకునే గుడ్డ మాస్కు దాన్ని ఆపదు. ఫిల్టరు డబ్బాలుండే కార్ట్రిడ్జ్ మాస్కు లేకుండా, మూసిన గదిలో, పిల్లలు తిరిగే వరండాలో దయచేసి కొట్టకండి.

ఇక షెడ్డు. ఇక్కడే డబ్బు విలువ పెరుగుతుంది, ఇక్కడే పోతుంది కూడా. బేరం ఆడేటప్పుడు మనవాళ్ళు అడిగేది "మొత్తం ఎంతవుద్ది మేస్త్రీ?" అని ఒక్కటే. అడగాల్సినవి వేరే ఉన్నాయి. పాత రంగు ఎంతవరకు తీస్తారు? సొట్టలు నింపే పాలియెస్టర్ పేస్టు పెడతారా, ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) పుట్టీతో సరిపెడతారా? సర్ఫేసర్ (రంగుకి ముందు వేసి నున్నగా రుద్దే ప్రైమర్) టూకేనా? క్లియర్ ఏ కంపెనీ, దానికి హార్డెనర్ అదే కంపెనీదా? ఈ నాలుగింటికీ తడుముకోకుండా జవాబు చెప్పే మేస్త్రీకి ఐదొందలు ఎక్కువిచ్చినా నష్టం లేదు.

సొట్ట విషయం ముందు. ట్యాంకులో పెట్రోలు తీసేస్తే ఖాళీ అయినట్టు కాదు, ఆవిరి లోపలే ఉంటుంది. నిండు ట్యాంకు కంటే ఆవిరున్న ట్యాంకే ప్రమాదం. చిన్న సొట్ట కోసం గ్యాస్ మంట పెడతానంటే ఒప్పుకోకండి. మూడు మిల్లీమీటర్ల లోతు వరకు పేస్టు నింపితే చాలు. అంతకన్నా లోతైతే బయటినుంచి లాగి లోతు తగ్గించాకే పేస్టు పెట్టాలి. సొట్టంతా పేస్టుతోనే నింపేస్తే, ఎండకి ట్యాంకు వేడెక్కి చల్లారడానికీ, ఇంజిన్ అదురుకీ ఏడాది తిరక్కుండా అంచుల్లో జుట్టంత సన్న పగుళ్ళు వస్తాయి. పేస్టు కింద తుప్పు మిగలకూడదు. కింది అతుకు దగ్గర బుడగలుగా లేచిన రంగు కనిపిస్తే లోపలినుంచి తుప్పు తిన్నట్టు లెక్క. ముందు ట్యాంకు లోపల తుప్పు కడిగించి, నీళ్ళు పోసి కారుతోందేమో చూసి, ఆ తర్వాతే రంగు మాట.

పేస్టుకి హార్డెనర్ బరువులో రెండు శాతం. చేతి లెక్కలో చెప్పాలంటే నిమ్మకాయంత పేస్టుకు బఠాణీ గింజంత. ఎక్కువ కలిపితే త్వరగా గట్టిపడుతుందని కొందరు రెట్టింపు పెడతారు. మిగిలిన హార్డెనర్ తర్వాత పైకి ఊరి తెల్ల, వెండి రంగుల మీద పసుపు మచ్చలుగా బయటపడుతుంది. తక్కువ కలిపితే పేస్టు లోపల పచ్చిగానే ఉండి రంగు కింద కుంగిపోతుంది. పాళ్ళు సరిగ్గా పడితే కలిపాక నాలుగైదు నిమిషాలే టైము, మే నెల ఎండలో ఇంకా తక్కువ.

పేస్టుని పొడిగానే రుద్దాలి. దీన్ని షెడ్డులో నిలబడి చూడాల్సిన మొదటి విషయం అంటాను. దుమ్ము లేవకూడదని చాలా చోట్ల బకెట్ నీళ్ళు పెట్టుకుని వాటర్ పేపరుతో రుద్దేస్తారు. పాలియెస్టర్ పేస్టు నీళ్ళు పీలుస్తుంది. పైన సర్ఫేసర్, రంగు, క్లియర్ వేసి మూసేశాక ఆ తడికి బయటికి దారి ఉండదు. కింద రేకు తుప్పు పడుతుంది, వేసవి రాగానే పైన బుడగలు లేస్తాయి. సముద్రపు గాలి తగిలే భోగాపురం, కళింగపట్నం వైపు బండ్లకి ఇది మరీ త్వరగా కనిపిస్తుంది. 80 నంబరు శాండ్ పేపరుతో ఆకారం తెచ్చి, 180, 320 దాకా పొడిగానే వెళ్ళాలి. తడి పని సర్ఫేసర్ మీద మొదలవ్వాలి.

ఎన్‌సీ పుట్టీ సన్న గుంటలకీ గీతలకీ మాత్రమే. అది ఆరే కొద్దీ వారాల తరబడి కుంగుతూనే ఉంటుంది. డెలివరీ రోజున అద్దంలా ఉన్న ట్యాంకు మీద నెల తర్వాత పాత గీతలన్నీ మళ్ళీ తేలాయంటే, మందంగా పూసింది ఎన్‌సీ పుట్టీ అని అనుమానించాలి.

సర్ఫేసర్ రెండు మూడు కోట్లు. అది ఆరాక నల్ల స్ప్రే డబ్బాతో ఒక్కసారి పలచగా, చుక్కలు పడేలా పైపైన కొట్టాలి. దీన్నే గైడ్ కోటు అంటారు. చెక్క ముక్కకి 400 పేపరు చుట్టి నీళ్ళతో రుద్దుకుంటూ పోతే ఎత్తుగా ఉన్నచోట నలుపు పోతుంది, పల్లమున్నచోట నలుపు అలాగే మిగిలిపోతుంది. కంటికీ చేతికీ దొరకని సొట్ట అలా దొరికిపోతుంది. ఆ నల్ల మచ్చలు పోయేదాకా మళ్ళీ నింపి రుద్దాలి. చివరికి 600 నంబరుతో నున్నగా చేయాలి. ఐదు నిమిషాల పని, ఒక చెంచాడు రంగు. అయినా చాలా షెడ్లలో వదిలేస్తారు. నలుపు రంగు కోరుకునేవాళ్ళు గైడ్ కోటు కచ్చితంగా అడగాలి, ఎందుకంటే నలుపంత నిర్దయగా సొట్టల్ని చూపించే రంగు ఇంకోటి లేదు.

రంగు, క్లియర్ దగ్గరికొస్తే, ట్యాంకు, రెండు ప్యానెళ్ళు, టెయిల్, ముందు మడ్‌గార్డు కలిపి థిన్నర్ కలపని రంగు 250 నుంచి 300 మిల్లీలీటర్లు, క్లియర్ హార్డెనర్‌తో కలిపి 300 మిల్లీలీటర్లు సరిపోతుంది. క్లియర్‌కీ హార్డెనర్‌కీ పాళ్ళు కొన్నింట్లో రెండుకి ఒకటి, కొన్నింట్లో నాలుగుకి ఒకటి. డబ్బా మీద ఏముంటే అదే, కంటికి తోచినంత పోయడం కుదరదు. హార్డెనర్ గాలిలో తేమని లాక్కుంటుంది. సగం వాడి మూత బిగించకుండా వదిలేసిన డబ్బాలో అది మసకబారి, చిక్కబడుతుంది. దానితో కొట్టిన క్లియర్‌కి మెరుపూ ఉండదు, బలమూ ఉండదు. కొత్త చిన్న ప్యాకు మీ డబ్బుతో కొనిచ్చి మీ ముందే తెరిపించండి. ఖర్చు కొంచెం పెరిగినా పనికి భరోసా అదే.

కంప్రెసర్ ట్యాంకు అడుగున ఒక కుళాయి ఉంటుంది. గన్ను పట్టుకునేముందు దాన్ని తిప్పితే మన ఊళ్ళ గాలికి నీళ్ళు కారడం కళ్ళారా కనిపిస్తుంది. ఆ నీళ్ళు వదలకపోతే గన్నులోంచి రంగుతోపాటు చిమ్ముతాయి, క్లియర్‌లో చిన్న చిన్న బుడిపెలు పడతాయి. బుడిపెలు కాకుండా రంగు జరిగిపోయి గుంటలు పడితే కారణం వేరు. అది సిలికాన్. పాత ఓనరు రాసిన టైర్ పాలిష్, ట్యాంకు పాలిష్ మిగిలిపోయి ఉంటుంది. రుద్దడానికి ముందే సబ్బునీళ్ళతో కడిగి, వ్యాక్స్ రిమూవర్‌తో తుడవాలి. రుద్దాక తుడిస్తే గీతల్లోకి ఇంకా దిగుతుంది. పెట్రోలుతో తుడవడం కూడా తప్పే, దాని జిడ్డు మిగిలిపోతుంది.

ఇంకొకటి, పాత ఓనరు ఎప్పుడో ఎనామిల్ రంగు వేయించి ఉంటే దాని మీద ఎన్‌సీ థిన్నర్ రంగు పడగానే కింది పొర ముడుచుకుపోతుంది. కనపడని చోట థిన్నర్ గుడ్డతో అర నిమిషం రుద్ది చూడండి. రంగు ముడతపడినా, గుడ్డకంటినా పాతదంతా రేకుదాకా తీయాల్సిందే. కంపెనీ రంగైతే గుడ్డ శుభ్రంగా ఉంటుంది, దాన్ని పూర్తిగా తీయకుండా 400తో గరుకు చేస్తే చాలు. అదే మంచి పునాది. ఇదే పరీక్ష డెలివరీ రోజున కూడా పనికొస్తుంది. మూత కింద అంచున, కొట్టి రెండు రోజులైన క్లియర్ మీద థిన్నర్ గుడ్డ రుద్దితే మెత్తబడకూడదు. మెత్తబడితే మీరు డబ్బిచ్చిన టూకే అక్కడ లేదు, లేదా హార్డెనర్ చాలలేదు.

మూత చుట్టూ మాస్కింగ్ ఎలా చేశారో తప్పకుండా చూడండి. మూత రింగు విప్పకుండా టేపేసి కొడితే అంచులో రంగు తెగిపోయి, అక్కడినుంచే పెట్రోలు కిందకి దిగుతుంది. రింగు విప్పాలి. విప్పినప్పుడు గొట్టంలోకి దుమ్ము, పేస్టు పొడి పోకుండా గుడ్డ కుక్కాలి. చాలా బండ్లకి మూత గుంటలో సన్నటి రంధ్రం ఒకటుంటుంది, అక్కడ చేరిన వాననీళ్ళు పెట్రోల్లో కలవకుండా, ట్యాంకు గుండా వెళ్ళే ఒక గొట్టం ద్వారా కిందకి పోవడానికి. అది పేస్టుతోనో రంగుతోనో మూసుకుపోతే మొదటి వానకే నీళ్ళు పెట్రోల్లో కలుస్తాయి. మూతకున్న గాలి రంధ్రం మూసుకుంటే ఇంకో రకం తంటా, బండి నాలుగు కిలోమీటర్లు నడిచి ఆగిపోతుంది, మూత తీసి పెడితే మళ్ళీ నడుస్తుంది. అది చూసి కార్బురేటర్ విప్పేవాళ్ళున్నారు.

ప్లాస్టిక్ సామాను వెనక్కి తిప్పి చూడండి. ప్లాస్టిక్ రకాన్ని బట్టి ఏబీఎస్ అనో పీపీ అనో అచ్చు ఉంటుంది. లేకపోతే విరిగిన చిన్న ముక్కని నీళ్ళలో వేయండి, పీపీ తేలుతుంది, ఏబీఎస్ మునుగుతుంది. ఏబీఎస్ రంగు బాగా పడుతుంది గానీ ఘాటైన థిన్నర్‌కి కరుగుతుంది, కాబట్టి మొదటి కోటు తడిసేలా కొట్టకూడదు. పీపీకి ప్లాస్టిక్ ప్రైమర్ లేకుండా ఏ రంగు వేసినా రెండు మూడు నెలల్లో పొరలు పొరలుగా ఊడిపోతుంది. విరిగిన లాకుల్ని ఎం-సీల్‌తో అతికించే అలవాటుంది. పీపీని అది పట్టుకోదు. సోల్డరింగ్ ఐరన్‌తో సన్నటి ఇనుప జాలీ లోపలివైపు కరిగించి దించితే నిలుస్తుంది. ప్యానెల్ మరీ ముక్కలైతే బయట దొరికే నల్ల ప్యానెల్ కొని రంగేయించడం రిపేరు కంటే చవక. రంగు వేయించే ముందే బండికి బిగించి చూడండి, కంపెనీవి కానివాటికి బోల్టు రంధ్రాలు అటూ ఇటూ ఉంటాయి.

రేడియం షాపుల పనితనం మన దగ్గర బాగుంటుంది. కట్టింగ్ శుభ్రం, చెప్పిన డిజైన్ చెప్పినట్టు తీస్తారు. కానీ ట్యాంకు మొత్తం ర్యాపింగ్ చేయించడం మాత్రం ఈ బడ్జెట్‌లో వద్దు. చవకగా దొరికే షీటు వంపుల దగ్గర సాగదీసి అతికించినా ఎండకి మళ్ళీ ముడుచుకుని అంచులు లేస్తాయి, మూత దగ్గర పెట్రోలుకి జిగురు కరుగుతుంది. వంపులకి సాగదీసినా ముడుచుకోని కాస్ట్ వినైల్ షీటు కావాలి, దాని ఖర్చుతో రంగే వేయించవచ్చు. సొట్టల్ని అది దాచదు, తుప్పుని మాత్రం దాస్తుంది. గీతలు, పేర్లు పెట్టించేటప్పుడు రెండు పద్ధతులు. రంగు మీద స్టిక్కరేసి పైన క్లియర్ కొట్టిస్తే అంచు తెలియదు, పెట్రోలు తాకదు, కానీ తర్వాత మార్చలేరు. క్లియర్ మీద వేయించాలంటే కనీసం వారం ఆగండి. క్లియర్‌లో మిగిలిన థిన్నర్ బయటికొస్తూ స్టిక్కర్ కింద బుడగలు కడుతుంది.

రంగు ఎంపికలో డబ్బు మిగుల్చుకునే దారి ఉంది. ఏదో ఒక కంపెనీ మోడల్‌కి ఇప్పటికే ఉన్న సాదా రంగు ఎంచుకుంటే రేపు గీత పడ్డా అదే షేడు మళ్ళీ కలిపించుకోవచ్చు. పసుపు, ఎరుపు కింది పొరని సరిగ్గా కప్పవు, పసుపు కింద తెల్ల బేసు తప్పదు, కాబట్టి ఒక కోటు ఖర్చు అదనం. పెర్ల్ రంగుల్లో మూడు పొరలుంటాయి, ఒకచోట గీత పడితే ఆ ప్యానెల్ మొత్తం మళ్ళీ కొట్టాలి. మెరుపు లేని మ్యాట్ చూడ్డానికి బాగుంటుంది గానీ దాన్ని పాలిష్ చేయలేం, పెట్రోలు మరక పడితే అలా ఉండిపోతుంది. ఆలివ్ గ్రీన్ జోలికి పోకండి. కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 121వ నియమం ప్రకారం ఆ రంగు రక్షణ శాఖ బండ్లకే. రంగు ఆర్సీలో నమోదయి ఉంటుంది. ఆర్సీ వివరాలకు తేడా వచ్చేలా చేసే మార్పుల గురించే 1988 మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షన్ ఉంది. కాబట్టి షెడ్డుకి ఇవ్వకముందే రవాణా శాఖ ఆఫీసులో కనుక్కుని, అయ్యాక ఆర్సీలో మార్పించుకోండి. సెకండ్ హ్యాండ్ బండికి ముందు పేరు మార్పు పూర్తవ్వాలి. ఇన్సూరెన్స్ వాళ్ళకి కూడా తెలియజేయండి.

ఎప్పుడు ఇవ్వాలన్నది కూడా పనిలో భాగమే. దసరాకి ముందు షెడ్లన్నీ కిటకిటలాడతాయి. ఆయుధపూజకి బండి కావాలి, విజయనగరంలో అయితే ఆ వెంటనే వచ్చే మంగళవారం పైడితల్లమ్మ సిరిమానోత్సవానికి కావాలి అని అందరూ ఒకేసారి పడతారు. వానలూ అప్పుడే. సర్ఫేసర్ ఆరకముందే రంగు, రంగు ఆరకముందే క్లియర్ పడేది ఆ రోజుల్లోనే. తేమ ఎక్కువున్నప్పుడు రంగులోని థిన్నర్ ఎగిరిపోతూ రేకుని చల్లబరుస్తుంది, ఆ చల్లదనానికి గాలిలో తేమ రంగు మీద పేరుకుని తెల్లగా మసకేస్తుంది. డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకు, మంచు విడిచాక పొద్దున తొమ్మిదిన్నర నుంచి మధ్యాహ్నం మూడు వరకు మన ప్రాంతంలో రంగుకి మంచి టైము. అప్పుడు షెడ్లలో రద్దీ తక్కువ, బేరమూ కుదురుతుంది.

పనికి వారం గడువివ్వండి. పేస్టు, సర్ఫేసర్‌కి రెండు రోజులు, రంగూ క్లియరూ ఒకే రోజు, ఆరడానికి రెండు రోజులు, ఆ తర్వాత 1500, 2000 పేపర్లతో తడి రుద్దుడు, కాంపౌండు (మెరుపు తెచ్చే ముద్ద) పెట్టి బఫింగ్. అంచుల దగ్గర బఫింగ్ మిషను పెట్టనివ్వకండి, క్లియర్ పలచగా ఉండేది అక్కడే, ఒక్క క్షణంలో రంగుదాకా తినేస్తుంది. అంచులు చేత్తో చేయాలి. బండి ఇంటికొచ్చాక నెల రోజులు వ్యాక్సూ పాలిషూ రాయొద్దు, రెక్సిన్ ట్యాంకు కవరు అసలొద్దు. వాన తడి దాని కింద నిలిచి కొత్త క్లియర్‌ని మచ్చలు చేస్తుంది. మిగిలిన రంగుని హార్డెనర్ కలపకుండా చిన్న గాజు సీసాలో గట్టిగా మూతపెట్టి తీసుకోండి. ఆ షేడు నంబరు, క్లియర్ కంపెనీ పేరు సీసా మీదే రాయించుకోండి.